పుట్టింటికి చేరిన నిట్రాడు

వాగు ఎండిపోయాక అద్దకం వీధిలో అన్నిటికంటే ముందు మూగబోయినవి రంగు తొట్లు. తెల్లారితే చాలు, బట్టలు ముంచి తీసే చప్పుడుతో, పిండేవాళ్ళ కేకలతో చెవులు దిమ్మెక్కే వీధి అది. ఇప్పుడు తొట్ల అడుగున నీలిరంగు పెచ్చులు కట్టి నెర్రెలిచ్చింది. ఆరేసే తాళ్ళ మీద కాకులు తప్ప ఇంకేమీ లేవు. ఉన్న ఒక్క బావిలో బురద మిగిలింది. తరాల తరబడి తొట్లలోంచి ఇంకిన రంగంతా ఆ బురదలోనే ఉంది. వడగట్టినా, కాచినా ఆ నీళ్ళకి నీలి జీర పోలేదు. గతిలేక అవే తాగారు. పెద్దవాళ్ళు కడుపులు పట్టుకుని గోడలకి చేరగిలబడ్డారు. పిల్లలు మంచాలెక్కారు. వీధి చివరింట్లో పాలు తాగే పసివాడు పోయాడు. వాడికి స్నానం చేయించడానికి కూడా చెంబెడు మంచినీళ్ళు పుట్టలేదు.

కొండపిల్ల కూతురు కూడా మంచమెక్కింది. గలగలమంటూ గడపకీ గడపకీ ఎగురుతుంటుందని దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. ఇప్పుడు పెదవులు అట్టకట్టి, కళ్ళు లోతుకుపోయి, తల్లి కొంగు పట్టుకునే ఓపిక కూడా లేక పడివుంది. కొండపిల్ల తడిగుడ్డతో దాని పెదవులు అద్దుతోంది. ఆ తడి కూడా నీలమే.

కొండపిల్ల అంటే పిల్లేమీ కాదు, నలభైకి దగ్గరపడ్డ ఇల్లాలు. కొండమీది కలపవాళ్ళ ఇంటినుంచి ఈ వీధికి కోడలిగా దిగిన రోజున ఎవరో అలా పిలిచారు, అదే ఉండిపోయింది. "ముసలిదాన్నయ్యాక కూడా కొండపిల్లనేనా అత్తయ్యా?" అని ఆమె అంటే, "కొండముచ్చు అననందుకు సంతోషించు" అనేది అత్తగారు. నీళ్ళున్న రోజుల మాట అది. ఇప్పుడు అత్తాకోడళ్ళిద్దరికీ మాటలే కరువయ్యాయి.

పైవాళ్ళది కలప పని. చెట్టు కొట్టి, బెరడు ఒలిచి, దూలాలు కోస్తారు. వాగు పుట్టేది వాళ్ళ అడవిలోనే. కిందివాళ్ళది అద్దకం. నీళ్ళు లేకపోతే వాళ్ళ చేతులు కట్టేసినట్టే. ఈ రెండు జనాల మధ్యా మాటలకంటే ఇచ్చిపుచ్చుకోవడాలే ఎక్కువ. పెళ్ళయినా, చావయినా, చావడికి కప్పు మార్చినా కిందినుంచి బట్ట పైకి వెళ్ళేది, పైనుంచి కలప కిందికి దిగేది. ఎంత ఇచ్చారని ఎవరూ అడగరు. ఎలాంటిది ఇచ్చారన్నదే అక్కడ మాట. మంచి మాటా అందులోనే, తిట్టూ అందులోనే.

చెడింది కొండపిల్ల తల్లి పోయినప్పుడు. ఆ ఏడాది పట్నం వర్తకుడి సరుకుతో వీధిలో ఎవరికీ తల దువ్వుకునే తీరిక లేదు. శవం మీద కప్పే బట్టని, రంగు కరిచిపట్టుకునేలా చేసే కషాయంలో ఊరకముందే పైకి తీసి, పైపైన ముంచి, ఆరీ ఆరకుండా మడతపెట్టి పంపేశారు. కొండమీద వాన పడింది. బట్ట రంగు వదిలేసింది. తల్లి మొహం మీద, చేతుల మీద, తెల్లటి జుట్టు మీద నీలం కారుతుంటే కూతురు పక్కనే కూర్చుని చూసింది. తుడిచేకొద్దీ ఇంకా పాకింది. కలపవాళ్ళు ఒక్క మాట అనలేదు. అలాగే సాగనంపారు.

ఆ తర్వాత చావడి కప్పు కోసం వాళ్ళు దూలాలు పంపారు. కొండపిల్ల వాటిని చేత్తో తడిమి, వాసన చూసి, ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. "ఇది పచ్చి కలపండీ. ఆరబెట్టకుండా పంపారు. మా వాళ్ళు చేతకాక పంపిన పని కాదిది. మీరు పచ్చి రంగు ఇచ్చారు, మేం పచ్చి కలప ఇస్తున్నాం అంటున్నారు. ఎవరైనా పెద్దవాళ్ళు వెళ్ళి తప్పైపోయిందని చెప్పాలి."

మొగుడు వెళ్ళి తన పెదనాన్నతో చెప్పాడు. వీధికి పెద్ద ఆయనే. కొండపిల్లకి పెదమామయ్య. "కలప మాట్లాడుతుందిరా? మీ ఆవిడ చెవులకే వినబడుతుందేమో" అని ఆయన నవ్వి, అవే దూలాలు ఎత్తించాడు. ఎండాకాలం వచ్చేసరికి దూలాలు మెలికలు తిరిగి, కప్పు వంగి, చావడిలో కూర్చుంటే నెత్తిన ఆకాశం కనబడింది. అప్పుడూ ఎవరూ కొండెక్కలేదు. ఆ మీదట కలపవాళ్ళు దుంగలు పేర్చి వాగుకి అడ్డుకట్ట వేశారు.

ఆ ఉదయం చావడిలో మగవాళ్ళందరూ కూర్చున్నారు. ఆడవాళ్ళకి అందులోకి పిలుపు ఉండదు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు కానీ కాసేపటికి గొడ్డళ్ళ చప్పుడు, మోకుల చప్పుడు వినబడ్డాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసొచ్చి చెప్పింది. "నిట్రాడు పీకుతున్నారే. కప్పు కూలకుండా వెదుళ్ళు పోటుపెట్టారు. పైవాళ్ళకి ఇస్తారట."

కొండపిల్లకి మొదట అర్థం కాలేదు. "నిట్రాడా? దాన్నెలా ఇస్తారత్తయ్యా?"

"ఇవ్వక ఏం చేస్తారు? బట్ట వేద్దామంటే నీళ్ళు లేవు. ఇంకేముంది మన దగ్గర? కలపవాళ్ళకి కలపంటే ప్రాణం కదా, మన దగ్గరున్న మంచి కలప అదొక్కటే కదా అన్నాడు బావగారు. ఆయన మాత్రం ఏడుస్తూనే అన్నాడట."

చావడి నడిమధ్య కప్పు బరువంతా మోస్తూ నిలబడే స్తంభం అది. దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు వీధిలో ఎవరూ లేరు. కప్పు మార్చిన ప్రతిసారీ ఒక కొత్త బట్ట చుట్టేవాళ్ళు. పాత బట్ట విప్పేవాళ్ళు కాదు. అలా తాతల నాటి నుంచి పొర మీద పొర చుట్టుకుని, అదొక లావుపాటి రంగుల మూటలా ఉండేది. బట్టలు వెలిసిపోయాయని, లోపలి కలప అందం కనబడాలని, ఆ రోజు పొరలన్నీ విప్పేశారు.

వీధిలో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. కొండపిల్ల లేచి గుమ్మంలోకి వచ్చింది. ఎనిమిదిమంది భుజాల మీద నిట్రాడు వెళుతోంది. వాళ్ళలో ఆమె మొగుడూ ఉన్నాడు. నల్లగా నిగనిగలాడుతున్న ఆ మాను మీద పైనుంచి కిందిదాకా చెక్కిన జడ ఉంది. మూడు పాయలు, జడ చివర ముడి. కలపవాళ్ళ ఆడపిల్లలు అత్తారింటికి వెళ్ళేరోజున వేసుకునే జడ అదే. తనకీ అలాగే అల్లారు. అల్లుతూ నాయనమ్మ చెప్పింది. మొట్టమొదటి పిల్లని కిందికి ఇచ్చినప్పుడు, ఆ పిల్లతోపాటు ఒక చెట్టు పైసగం కూడా ఇచ్చారమ్మా, మొదలు సగం మన చావడిలోనే నిలబెట్టుకున్నాం అని. ఆ చెట్టు నిలబడి ఉన్నంతకాలం ఆ పిల్ల బతికున్నట్టే, ఆ ఇంటి బరువు మన బరువే అని. అది పాత కథ అనుకుంది అప్పుడు.

ఇప్పుడు ఆ పిల్లని బట్టలు విప్పి, కాళ్ళు ముందుకు పెట్టి, భుజాల మీద మోసుకెళ్తున్నారు.

కలపవాళ్ళు శవాన్ని కాళ్ళు ముందుకు పెట్టే మోస్తారు. ఇచ్చిన ఆడపిల్ల అత్తారింట్లో చనిపోతే, అత్తింటి మగవాళ్ళు అలాగే పుట్టింటి చావడికి తెచ్చి దించి వెళ్ళిపోతారు. దాంతో దారి మూసుకుపోతుంది. ఆ గుమ్మానికి మళ్ళీ పిల్లనివ్వరు, కలపివ్వరు. ఎదురుపడితే మొహం చూడరు.

"అయ్యో, చంపేశారు, చంపేశారు" అంటూ ఆమె తల బాదుకుంది. అత్తగారు హడలిపోయి పిచ్చుక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"దీన్ని కాదత్తయ్యా. దీన్ని చూస్తూ ఉండండి. ఒక్క క్షణం కూడా వదలకండి" అని, కొండపిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

ఆమె వాళ్ళని కొండదారి మొదటి మలుపు దాటాక గానీ అందుకోలేకపోయింది. అడ్డంగా నిలబడి, రొప్పుతూ, దాని అర్థమేంటో చెప్పింది. మోసేవాళ్ళ కాళ్ళు ఆగాయి. పెదమామయ్య చేతికర్ర మీద వంగి ఆమె మొహంలోకి చూశాడు.

"ఏమ్మా, మేం ప్రాణం పెట్టి ఇచ్చే కానుక నీకు శవంలా కనబడుతోందా?"

"నాకు కాదు మామయ్యా. వాళ్ళకి అలాగే కనబడుతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, వెనక్కి తిప్పండి."

"వెనక్కి తిప్పి?" ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. "తిప్పి ఏం చేయనమ్మా? ఇంకొక పసివాణ్ణి కడగకుండా పాతిపెట్టనా? నాకు ఇంకేం తెలుసు? నా చేతిలో ఇంకేముంది?"

మొగుడు భుజం మీది బరువు కిందికి రాకుండా మెడ వంచి నిలబడే, "పెదనాన్నా, పచ్చి కలప సంగతి ఇది చెప్పినప్పుడు ఒకసారి వినలేదు మనం" అన్నాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. పైనుంచి కొమ్ముబూర ఊదారు. సాగదీసిన ఒకే ఒక్క కూత. ఆ వెంటనే చెట్ల మధ్యనుంచి ఆడవాళ్ళ ఏడుపు లేచింది. అదెందుకో కొండపిల్ల చెప్పనక్కర్లేకపోయింది. కలపవాళ్ళు చూసేశారు. చచ్చినపిల్ల వస్తోందని శోకాలు మొదలుపెట్టారు. ఇప్పుడు వెనక్కి తిరిగితే, శవాన్ని గుమ్మందాకా తెచ్చి పుట్టింటికి చూపించకుండా ఎత్తుకుపోయినట్టు.

ఎనిమిదిమందీ ఆమె వైపే చూస్తున్నారు. ఇంతకుముందెప్పుడూ వాళ్ళు ఆమెని అలా చూడలేదు.

"తిప్పండి" అంది ఆమె. "తల ముందుకు రావాలి. తిప్పండి తొందరగా."

ఇరుకు దారిలో తంటాలుపడి మానుని తిప్పారు. ఆమె తన పైబట్ట తీసి దాని తల భాగానికి చుట్టింది. జుట్టు విప్పి, గబగబా మూడు పాయల జడ అల్లుకుంది. చివర ముడి సరిగ్గా పడలేదు. మొగుడు ఒక చెయ్యి వదిలి ఆ ముడి బిగించాడు.

"ఏం చేయబోతున్నావ్?" అన్నాడు.

"బతికున్నట్టు నడుస్తాను. అంతకంటే ఏం తోచట్లేదండీ."

నిట్రాడు తల మీద ఒక చెయ్యి వేసి ఆమె ముందు నడిచింది.

కలపవాళ్ళ చావడి ముందు రంపపు పొట్టు గుట్టల మధ్య జనం రెండు వరసలుగా నిలబడి ఉన్నారు. మగవాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళున్నాయి. ఆమెను చూసిన వదిన ఏడుపు సగంలో ఆపి నోరు తెరిచింది. చావడి గుమ్మంలో ఆమె అన్న నిలబడి ఉన్నాడు. తల్లి పోయాక ఆ జనానికి పెద్ద అతనే. అన్న వెనక, చీకట్లో, మొదలు సగం స్తంభం కనబడుతోంది. దాని మీద జడ లేదు. రెండు చేతులు చెక్కి ఉన్నాయి, వదిలిపెట్టినట్టు కిందికి చాచి.

"ఎవరు పోయారు?" అని అడిగాడు అన్న. ఆ ప్రశ్న అలాగే అడగాలి.

"ఎవరూ పోలేదన్నా. నేనే వచ్చాను."

గొడ్డళ్ళ వరసలో గుసగుస పాకింది. అన్న చెల్లెలి మొహం చూశాడు, జడ చూశాడు, మాను మీద ఉన్న ఆమె చెయ్యి చూశాడు. ఆమె ఏం చేసిందో అతనికి అర్థమైంది. ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న.

"ఉండటానికా చెల్లీ, చూసిపోవడానికా?"

ఆ ప్రశ్న అర్థం పెదమామయ్యకి తెలీలేదు గానీ ఆమెకి తెలుసు. ఆయనే అమాయకంగా అడిగాడు. "చూసిపోవడానికైతే ఏమవుతుంది బాబూ?"

"చూసిపోవడానికైతే భోంచేసి, మీ నిట్రాడు మీరు ఎత్తుకుని దిగుతారు. మన మధ్య ఉన్నది ఉన్నట్టే ఉంటుంది."

"మా తప్పు ఒప్పుకుంటాం. ఆ బట్ట..."

"బట్ట మాట ఎత్తకండి" అన్నాడు అన్న. "మా అమ్మ మొహం నీలంగా వెళ్ళింది. దానికి మాటలు సరిపోవు. వీళ్ళెవరూ ఒప్పుకోరు, నేనొప్పుకున్నా."

"మరి ఉండటానికైతే?"

అన్న చెల్లెలి వైపు చూడకుండా చెప్పాడు. "బతికున్న ఆడపిల్ల తన చెట్టుతో సహా తిరిగొచ్చి ఉంటానంటే తప్పు మాదవుతుంది. పిల్లనిచ్చిన గుమ్మాన్ని దాహానికి వదిలేశాం, అందుకే వచ్చేసింది అని. ఆ తప్పు పొద్దు వాలకముందే దిద్దుకోవాలి. కట్ట తీసేస్తాం."

"ఆమె పిల్ల?" అని అడిగాడు మొగుడు.

"పిల్ల మీ గుమ్మానిది."

కొండపిల్ల మాను మీది చెయ్యి తీయలేదు. ఇంకేదైనా దారి ఉందేమోనని అన్న కళ్ళలోకి చూసింది. చిన్నప్పుడు చెట్టుమీదనుంచి దిగలేక ఏడుస్తుంటే భుజాలు అందించిన మనిషి. ఆ కళ్ళు తనని వేడుకుంటున్నాయని తెలిసింది గానీ, ఉండమనా, వెళ్ళిపొమ్మనా తెలియలేదు. కింద పిచ్చుక ఊపిరి ఏ పాటి ఉందో తెలియదు. సాయంత్రందాకా ఉంటుందో లేదో కూడా.

మొగుడు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఉండటానికే" అంది.

ఎవరూ కదల్లేదు.

"ఉండటానికే వచ్చానన్నా. తొందరగా తీయించు. నీకు పుణ్యముంటుంది, తొందరగా."

గొడ్డళ్ళు పట్టుకున్నవాళ్ళు వాగు వైపు పరిగెత్తారు. దుంగలు ఒక్కొక్కటీ దొర్లుతున్న చప్పుడు, ఆ తర్వాత నీళ్ళ హోరు. పెదమామయ్య మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ ఎత్తి ఆమెకి దణ్ణం పెట్టబోయాడు. "వద్దు మామయ్యా, దణ్ణాలొద్దు. దిగండి. పిచ్చుకకి కాచి చల్లార్చిన నీళ్ళు పట్టించమనండి. ఒకేసారి ఎక్కువ ఇవ్వొద్దనండి, కక్కేస్తుంది" అంటూ ఆమె ఆయన్ని లేపింది. మొగుడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ దిగాడు. నీళ్ళు వాళ్ళకంటే ముందే వీధికి చేరాయి.

పిచ్చుక బతికింది. ఆ కబురు చెప్పడానికి మొగుడు మర్నాడు సరిహద్దు రాయిదాకా వచ్చి, అక్కడినుంచే కేకవేసి చెప్పి వెళ్ళాడు. అంతకుమించి పైకి రావడానికి వీల్లేదు. తిరిగొచ్చేసిన ఆడపిల్లకి అత్తింటివాళ్ళు పరాయివాళ్ళు.

కొత్త నీళ్ళతో తొట్లు నిండాయి. మొదటి బట్ట ఆమె మొగుడే వేశాడు. కషాయంలో ఊరనిచ్చి ఊరనిచ్చి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి, ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతికి, పెదమామయ్యతో సరిహద్దు రాయిదాకా పంపాడు. అన్న దాన్ని తెప్పించి చావడి ముందు నీళ్ళ తొట్టిలో ముంచి తీశాడు. చుక్క రంగు వదల్లేదు. అందరికీ చూపించి, మడతపెట్టి, తల్లి సమాధి మీద కప్పాడు. ఆ సాయంత్రం చెల్లెలి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"మంచి బట్ట పంపారు. బదులు పంపాలి."

"నన్ను పంపరా అన్నా?" ఆశ చంపుకోలేక అడిగేసింది.

"ఇచ్చి, తిరిగొచ్చిన పిల్లని మళ్ళీ ఇవ్వరు చెల్లీ. నీకు తెలీనిదా? వాళ్ళ చావడి నిట్రాడు లేకుండా వెదుళ్ళ మీద ఉంది. కొత్త నిట్రాడు ఇస్తున్నాం. దానితోపాటు..." అతను లోపలున్న కూతురి వైపు చూశాడు. "దానితోపాటు మన అమ్మాయిని ఇస్తున్నాం. కింద మీ పెదమామయ్య మనవడికి."

అన్న కూతురి పెళ్ళి కుదిరిన మాట అలా తెలిసింది ఆమెకి. మేనకోడలికి జడ అల్లే పని ఆమె మీదే పడింది. అల్లుతూ కింది వీధి సంగతులన్నీ చెప్పింది. ఏ తొట్టి దగ్గర కాలు జారుతుందో, అత్తల్లో ఎవరి నోరు చెడ్డదో, ఎవరి మనసు మంచిదో చెప్పింది.

"అత్తా, నీకు భయమేసిందా, మొదట వెళ్ళినప్పుడు?"

"వేసింది. వెళ్ళినప్పటికంటే వచ్చినప్పుడు ఎక్కువ వేసింది."

పిల్లని తీసుకెళ్ళడానికి కిందినుంచి జనం వచ్చారు. ఆ ఒక్కరోజుకి ఎవరైనా పైకి రావచ్చు. గుంపులో మొగుడు కనబడ్డాడు. చిక్కిపోయాడు. అతని చొక్కా అంచు పట్టుకుని పిచ్చుక నిలబడి ఉంది. ఒళ్ళు చేసి, పొడుగయ్యింది. కొండపిల్ల జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. పిల్ల తండ్రి వెనక్కి నక్కింది.

"అమ్మ దగ్గరికి వెళ్ళమ్మా" అన్నాడు తండ్రి.

పిల్ల వెళ్ళలేదు. అక్కడినుంచే అడిగింది. "నువ్వే అన్నావంట కదా, ఇక్కడే ఉంటానని?"

"నేనే అన్నాను."

"ఎవరూ బలవంతం చేయలేదంట కదా?"

ఏం చెప్పాలి? చుట్టూ రెండు జనాలూ వింటున్నారు. నీళ్ళకోసం అన్నానంటే, బతకడానికి అమ్మని అమ్ముకున్నాం అన్న మాట పిల్ల నెత్తిన పడుతుంది. బలవంతం చేశారంటే కట్టిన కొత్త బంధం అక్కడికక్కడే తెగుతుంది.

"ఎవరూ చేయలేదమ్మా" అంది.

పిల్ల తల ఊపింది, అనుకున్నదే విన్నట్టు. తర్వాత తండ్రి చేతిని లాగి, "వెళ్దాం పద నాన్నా" అంది.

కొత్త నిట్రాడుని నిలువునా బట్ట చుట్టి, తల ముందుకు పెట్టి కిందికి మోసుకెళ్ళారు. మేనకోడలు దాని మీద చెయ్యి వేసి ముందు నడిచింది. పాటలు పాడుతూ జనం మలుపు తిరిగారు. కొండపిల్ల అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. వదిన వచ్చి రెక్క పట్టుకుని లేపబోతే, "కాసేపు ఉండనీ వదినా" అంది. పాట వినబడుతున్నంతసేపూ వింది. ఆ తర్వాత వాగు చప్పుడు ఒక్కటే మిగిలింది.